పసుపునీళ్లు తాగిన బ్రేకు

ఈ రోజు పొద్దుగూకే ముందు సిద్దిపేటలోని మా మెకానిక్ షెడ్డుకు ఒక కిరాయి కారు వచ్చింది. డ్రైవరు మల్లయ్య బ్రేకు తొక్కగానే ముందు చక్రంలోంచి ఎవరో ఆడమనిషి సన్నగా ఏడ్చినట్టు వినిపించింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"కొండపాక తొవ్వల దిగుడు కాడ దయ్యం పట్టింది తమ్మీ. గాడ బ్రేకు తొక్కితే గిట్లనే ఏడుస్తది. రోజూ ఆపి చక్రం మీద పసుపునీళ్లు పోస్తున్న," అన్నాడు.

చక్రం విప్పాను. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోస్తోంది. ప్యాడ్లు పట్టి ఆపే డిస్కు వేడికి నీలం తిరిగింది. దాని మీద పసుపు మరకలు, మరకల నడుమ వెంట్రుకంత పగులు. కాలే ఇనుము మీద రోజూ చన్నీళ్లు పోస్తే పగలక ఏం చేస్తుంది?

"దయ్యం లేదు, గియ్యం లేదన్నా. నువ్వే పలగ్గొట్టినవ్. ఇది ఇరిగితే బండి ఆగది."

"రేపు పెండ్లోళ్లను దింపొస్త. ఎల్లుండి మార్చు."

ఒళ్లు మండి తాళంచెవి లాక్కున్నాను. మల్లయ్య తిట్టుకుంటూ కారు ఓనరును తీసుకురావడానికి పోయాడు.

షెడ్డులో ఇప్పుడు నేనొక్కడినే. చల్లారుతున్న డిస్కు టిక్కు టిక్కుమంటోంది. ఎందుకో నాకు తెలుసు. అయినా దానికి వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. తాళంచెవి మాత్రం ఇవ్వను. మీరైతే ఇస్తారా?