రోజుకు సగటున నాలుగు

పోయినవి ముందు చెబుతాను. ఒంట్లోంచి పంతొమ్మిది కిలోలు. పెద్దపేగు ఒకటి, పొడవు ఐదడుగులకు కాస్త తక్కువ. ఆ కొలత డాక్టరు చెప్పింది, నేను చూసి కొలిచింది కాదు. పనికి పోని రోజులు రెండు వందల పన్నెండు. మేస్త్రీ పని. శెనక్కాయల పచ్చడి. మొలలని నమ్మి పూత మందు రాసుకున్న రెండు నెలలు, కడుపులో పురుగులని మాత్రలు మింగిన ఇంకో నెల. ఇవి పోవడానికి సగం కారణం జబ్బు, మిగతా సగం నా లెక్క.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం బడిలో నేర్చుకున్నవి కావు. మా బలసముద్రం చుట్టుపక్కల భూములు సోలార్ కరెంటు పార్కు కిందికి పోయినప్పుడు ఎవరివి ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు పోతాయో సర్వేయరు కంటే ముందు నా నోటుబుక్కులో తేలేది. ఆ పేరు మీదే, ఆ పార్కులో సోలార్ ప్లేట్ల మీది దుమ్ము కడిగే గుంపుకు నన్ను మేస్త్రీని చేశారు. పదకొండు మంది ఆడవాళ్ళు, నేను, ఒక నీళ్ళ ట్యాంకరు. ఎన్ని ప్లేట్లు కడిగామో సాయంత్రం ఐదింటికి సూపర్‌వైజరుకు ఒక అంకె చెప్పాలి.

నిన్నటికంటే తగ్గితే ఆయన ఊరుకునేవాడు కాదు. ఒకరికి జ్వరం రావచ్చు, ట్యాంకరు ఆలస్యం కావచ్చు. అవేవీ ఆయన చెవికెక్కవు. అందుకని నేను అంకెలు సర్దడం మొదలుపెట్టాను. మంగళవారం రెండు వేల ఆరు వందలు కడిగితే రెండు వేల రెండు వందల యాభైయే చెప్పి, మిగతా మూడు వందల యాభై బుధవారం కడిగిన పంతొమ్మిది వందలకు కలిపి, ఆ రోజు కూడా రెండు వేల రెండు వందల యాభై రాసేవాణ్ణి. మొత్తం సరిగ్గానే ఉండేది. దొంగతనం లేదు, ఎవరికీ తిట్లు లేవు. మూడేళ్ళు ఇలాగే నడిపాను. అది తప్పని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో విరేచనంలో రక్తం కనబడింది. మొదట రెండు సార్లు, తర్వాత ఐదు, ఆరు. వచ్చిందంటే ఆపుకోలేను. శెనక్కాయ చేలు ఉన్నప్పుడు గట్టు మీద ఏదో ఒక పొద చాటు దొరికేది. ఇప్పుడు ఈ చివర నిలబడితే ఆ చివర కనబడే ప్లేట్ల వరుసలు, చుట్టూ కంచె. గేటు దాకా బండి మీద పోయి, వాచ్‌మన్ పుస్తకంలో సంతకం పెట్టి, బయటికి పోవాలి. వాచ్‌మన్ మా పక్క ఊరివాడే.

“మళ్ళీనా అన్నా? పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. బయట హోటల్ ఏమన్నా పెట్టినావా ఏంది?”

“సంతకం తర్వాత పెడతాలేప్పా, ముందు గేటు తియ్యి.”

“అట్ల కుదరదన్నా. టైము రాయాల.”

టైము రాసేవాణ్ణి. ఒకసారి రాస్తూ ఉండగానే ప్యాంటు పాడైంది. అతను నవ్వలేదు. ఆకాశం వైపు చూస్తూ గేటు తీశాడు. నవ్వి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు.

పావగడలో చూపించుకుంటే మొలలన్నారు. ఇంకొకాయన పురుగులన్నాడు. చివరికి బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి వెళితే, గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలి పొర అంతా పుండ్లు పడిందని డాక్టరు చెప్పాడు. నా కంటే చిన్నవాడే, ఓపిక ఉన్న మనిషి. కాగితం మీద మెట్లు గీసి చూపించాడు. కింది మెట్టు మీద రోజూ మింగే మాత్రలు, వెనకనుంచి ఎక్కించుకునే మందు. దానికి లొంగకపోతే కొన్నాళ్ళు స్టెరాయిడ్. తర్వాత ఒంట్లోని రక్షణ శక్తిని అణిచే మాత్రలు, వాటికి తరచూ రక్తపరీక్ష. ఆపైన ఇంజెక్షన్లు, అవి మొదలుపెట్టే ముందు క్షయ లేదని తేల్చుకోవాలి. అన్నిటికంటే పైన ఆపరేషన్. మందులతో ఈ జబ్బు పూర్తిగా పోదు, కానీ నిద్రపుచ్చవచ్చు అన్నాడు. బాగున్నా మాత్ర మానకూడదని రెండుసార్లు చెప్పాడు.

“మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నాకు తెలియాలంటే ఒక మాట చెప్పండి. రోజుకు ఎన్నిసార్లు పోతారు?”

నా దగ్గర క్యాలెండరు ఉంది. ప్రతిరోజూ గీతలు పెట్టాను. ఆ వారం ఒకటి, రెండు, పదకొండు, తొమ్మిది, రెండు, ఒకటి, రెండు. మొత్తం ఇరవై ఎనిమిది. ఏడుతో భాగించాను.

“సగటున నాలుగు సార్.”

ఇంత కచ్చితంగా చెప్పే మనిషిని చూడలేదని ఆయన మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను, ఎందుకు దాచాలి. ఒకటీ రెండూ వచ్చిన రోజులు బాగున్న రోజులు కూడా కాదు. పనిలో ఇబ్బంది పడకూడదని ముందురోజు నుంచి తిండి మానేసిన రోజులు. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మూడు నెలలకు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ నాలుగే. ఆ తర్వాతిసారి నాలుగుంపావు. బరువు తగ్గిందేమని అడిగితే ఎండలో పని అన్నాను. రక్తపరీక్ష చేయించుకు రమ్మంటే, మాకు మిగిలిన రెండెకరాల్లో శెనక్కాయలు పీకే పని ఉందని వచ్చేసారికి పెట్టాను. కింది మెట్టు మందులే సాగాయి. సగటు అంటే ఏమేమి కలిపి భాగించావని ఆయన ఒక్కసారైనా అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ నాకు కడుపుమంట. అడగకుండానే చెప్పాల్సింది నేను. ఆ కోపం ఇంకా పెద్దది.

వాన లేని శ్రావణంలో ఒకరోజు వరుసల మధ్యే పడిపోయాను. ఒళ్ళు కాలిపోతోంది, కింద అంతా రక్తం. మా గుంపులో పెద్దామె తన తుండు నా నడుముకు చుట్టింది. ట్యాంకరు ట్రాక్టరు మీద ఎక్కించి గేటుకు తెచ్చారు. అక్కడ మళ్ళీ పుస్తకం.

“టైము రాయాల,” అన్నాడు వాచ్‌మన్.

“మనిషి పోతావుంటే టైము రాసుకుంటాడంట! నీ పుస్తకం ట్రాక్టరు కింద యేస్తా, తియ్యిరా గేటు!” అందామె.

బెంగళూరులో చేర్చుకుని స్టెరాయిడ్ నరంలోకి ఎక్కించారు. రెండు సీసాల రక్తం కూడా. డాక్టరు నా భార్యను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు: “మూడు రోజులు చూస్తాం. మూడో రోజు కూడా ఎనిమిది దాటితే ఈ మందు పనిచేయడం లేదన్నట్టే. పేగు ఉబ్బుతోంది. చిల్లి పడితే ప్రాణానికే ముప్పు. అప్పుడు పేగు తీసేయాలి.”

ఎనిమిది. నా పేగంతా ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉంది. మూడో రోజు పొద్దున ఆయన వచ్చి ఎన్నిసార్లని అడిగాడు. నా నోరు దానంతట అదే సర్దేసింది.

“ఐదారు ఉంటాయి సార్.”

నా భార్య మంచం పక్కన నిలబడి ఉంది. మూడు రోజులుగా నిద్ర లేదు.

“ఏందీ, ఐదారా? ఏమయ్యా, బెడ్‌పాన్ మోసింది నేనా, నువ్వా?” డాక్టరు వైపు తిరిగింది. “పదమూడు సార్లు పోయినాడు సార్. పదమూడు! ఈ మనిషికి లెక్కలు బాగా వస్తాయి, యాడ ఎంత తగ్గించాలో అంతా వస్తాది. ఇంటికాడ కూడా ఇంతే. పదిసార్లు పోయి, బాగుండాది అంటాడు.”

“నువ్వు ఊరుకో,” అన్నాను.

“నువ్వు చెప్పిన అంకె నమ్మి ఊరుకునేకి నేను నీ సూపర్‌వైజర్‌ని కాదు!”

డాక్టరు పాత ఫైలు తిరగేశాడు. అప్పుడు చెప్పిన నాలుగు కూడా ఇలాంటిదేనా అని అడిగాడు. నేను వారం లెక్క చెప్పాను, మొత్తం ఇరవై ఎనిమిది, భాగించడం, అంతా. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

“పదకొండు వచ్చిన రోజుంది చూడండి, ఆ రోజే నాకు కావాల్సింది. అది చెప్పి ఉంటే పై మెట్టు మందు అప్పుడే మొదలుపెట్టేవాణ్ణి. పేగు నిలిచేదని మాట ఇవ్వలేను. ప్రయత్నం మాత్రం జరిగేది.”

ఇంకేదైనా ఇంజెక్షన్ వేసి చూడలేరా అని అడిగాను. జ్వరం, ఉబ్బు ఇంతగా ఉన్నప్పుడు దాని కోసం ఆగడం ప్రమాదం అన్నాడు. మళ్ళీ కాగితం తీశాడు, ఈసారి మెట్లు కాదు, కడుపు బొమ్మ. ఆపరేషన్ మూడు విడతలు. మొదటిదాంట్లో పెద్దపేగు తీసి, చివరి జానెడు భాగం మిగిల్చి, చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలిస్తారు. ఒంట్లో బలం వచ్చాక రెండోది. మిగిల్చిన భాగం కూడా తీసి, చిన్నపేగునే మడిచి కుట్టి లోపలే ఒక తిత్తి చేస్తారు. అది మానేదాకా సంచి ఉండాలి. మూడోదాంట్లో పొట్ట మీది దారి మూసేస్తారు, మామూలుగా పోవచ్చు. తిత్తి వద్దనుకునేవాళ్ళు జీవితాంతం సంచితోనే ఉండొచ్చు, అదీ ఒక దారే అన్నాడు. ఆ సాయంత్రమే మొదటిది అయిపోయింది.

ఇంటికి వచ్చాక జ్వరం లేదు, మునుపటిలా రక్తం పోవడం లేదు. అది ఒప్పుకోవాలి. మిగతాదంతా విసుగే. సంచి అంటించే బంక మా ఎండకు నిలవదు. నాలుగు రోజులు ఉండాల్సింది రెండో రోజే చెమటకు ఊడుతుంది. పావగడలో ఆ సంచులు దొరకవు, బెంగళూరు నుంచి బస్సులో రావాలి. నీళ్ళు ఒంట్లో నిలవవు, ఉప్పు కలుపుకుని తాగుతూనే ఉండాలి. ఫిల్టరు నీళ్ళ క్యాను ఇంట్లో మునుపటికంటే ఒక రోజు ముందే ఖాళీ అవుతోంది. రాగిముద్ద తినొచ్చు. శెనక్కాయలు మాత్రం వద్దన్నారు, దారికి అడ్డం పడతాయట. పండించేవాడు తినకూడదు.

మా గుంపు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. సంచి ఎక్కడుందో కళ్ళతో వెతుకుతుంటే పెద్దామె అంది: “ఏమన్నా, ఇప్పుడు గేటుకాడ సంతకం బాధ లేదు గదా నీకు.” అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పొట్ట నొప్పి పుట్టింది.

ఇప్పుడు ఆమే మేస్త్రీ. అంకెలు సర్దడం రాదు. ఎన్ని కడిగితే అన్నే చెబుతుంది. పంతొమ్మిది వందలైతే పంతొమ్మిది వందలు. సూపర్‌వైజరు నాలుగు రోజులు అరిచాడట, తర్వాత మానేశాడట. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

రెండో ఆపరేషన్‌కు ఇప్పటికి మూడుసార్లు తేదీ ఇచ్చారు. ఒకసారి రక్తం తక్కువని, ఒకసారి బరువు చాలదని వెనక్కి పంపారు. మూడోసారి నేనే పోలేదు. తిత్తి కుట్టినా రోజుకు ఐదారు సార్లు తప్పవన్నారు, దానికి కూడా వాపు రావచ్చన్నారు. సంచి ఖాళీ చేసేది కూడా ఐదారు సార్లే. రెండు పక్కలా ఎంత కూడినా సమానంగానే వస్తోంది. ఎటు పోవాలో నా లెక్క చెప్పడం లేదు. నా భార్యనడిగితే, “సంచి ఉంటే ఉండనీ. నువ్వుండాల, అంతే,” అంటుంది. అలాగని వదిలేయడానికీ లేదు. లోపల మిగిల్చిన ఆ జానెడులో జబ్బు ఇంకా ఉంది, అప్పుడప్పుడు జిగటగా రక్తం చూపిస్తుంది. దాన్ని అలాగే ఉంచితే ముందుముందు పుండు ముదిరి కాన్సరు కావచ్చని, తిత్తి కావాలన్నా వద్దన్నా దాన్ని ఎప్పటికైనా తీయాల్సిందేనని డాక్టరు అన్నాడు. వద్దంటే ఇంకొక్క ఆపరేషన్. కావాలంటే రెండు.

వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. తేలేదాకా నా నోటుబుక్కులో ఎక్కువ అంకెనే ఉంచాను. మూడు విడతల్లో అయింది ఒకటి. బాకీ రెండు.