నవ్వితేనే తీసే కెమెరా

అఫ్జల్‌గంజ్ దగ్గర, మూసీకి వీపు తిప్పి నిలబడ్డ ఒక పాత భవనంలో మా ఆఫీసు. కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, పన్నెండేళ్లుగా ఆ రెండో అంతస్తులో పింఛన్ల సెక్షన్‌లోనే పనిచేస్తున్నాను. నవంబరు వచ్చిందంటే మాకు ఒకటే పని. పింఛను తీసుకునేవాళ్లు ఇంకా బతికే ఉన్నారని కాగితం మీద తేల్చుకోవడం.

చాలామంది ఇంట్లో కూర్చునే ఫోన్లో ఆ పని కానిచ్చేస్తున్నారు. వేలిముద్రలు అరిగిపోయి, కళ్లకు పొరలు వచ్చి, ఏ యంత్రమూ గుర్తుపట్టని వాళ్లు మాత్రం కర్ర పట్టుకుని మా మెట్లెక్కుతారు. రెండేళ్ల కిందట కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారు, అలా వచ్చినవాళ్లందరికీ తేదీ ముద్ర పడిన ఫోటో తీసి ఫారానికి అంటించాలని ఆదేశించారు. సొంత ఫోన్లో తీస్తానంటే ఒప్పుకోలేదు. ప్రభుత్వ పని ప్రైవేటు ఫోన్లో ఉండకూడదన్నారు. పోనీ కొత్త కెమెరా కొందామంటే, స్టాకు రిజిస్టరులో ఒక కెమెరా ఉండగా ఇంకొకటి కొనడానికి వీల్లేదన్నారు.

నిజంగానే ఉంది. ఇనప బీరువా అడుగున, సీలు లక్క పెట్టెల వెనక, సబ్బుపెట్టెంత వెండిరంగు కెమెరా. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో ఎవరికీ తెలియదు. అట్టపెట్టె కూడా చిరగలేదు. "మా ఇంట్లో ఒకప్పుడు ఇలాంటిదే ఉండేదండీ" అని నేను నోరుజారాను. ఆ సాయంత్రానికి కెమెరా నా టేబులు మీదికి వచ్చేసింది.

దాంతోపాటు ఇచ్చిన పుస్తకం ఇంటికి తీసుకెళ్లి మూడు సాయంత్రాలు చదివాను. మంచులో ఫోటో తీయడానికి ఒక మోడ్, బాణసంచాకు ఒకటి, సముద్రపుటొడ్డుకు ఒకటి, కుక్కపిల్లలకు ఒకటి, పళ్లెంలో వడ్డించిన భోజనానికి ఒకటి ఉన్నాయి. గోడకు ఆనుకుని నిలబడే పింఛనుదారుకు మాత్రం ఏమీ లేదు. చివరికి ఆటో మోడ్‌లోనే పెట్టి, ఆఫీసుకు వచ్చిన మొదటి పెద్దమనిషిని కిటికీ ఎదురుగా నిలబెట్టి బటన్ నొక్కాను. బటన్ లోపలికి వెళ్లింది. మళ్లీ పైకి రాలేదు.

అదే రోజు మధ్యాహ్నం పక్క గల్లీలో కెమెరాలు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశాడు.

"మేడం, బటన్ ఖతమ్. గీ మోడల్‌ది సామాను ఇప్పుడు యాడ దొరకది."

"టైమర్ పెట్టి తీయొచ్చా?"

"టైమర్‌కైనా గదే బటన్ నొక్కాలె గదా."

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కెమెరా పైన నవ్వుముఖం బొమ్మ ఉన్న చిన్న బటన్ నొక్కి, కెమెరాను తనవైపు తిప్పుకుని, పాన్ పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. కెమెరా దానంతట అదే టక్కుమంది.

"దేఖో! నవ్వితే తీస్తది. ఇగ గా బటన్‌తోని పనేంది?"

"నవ్వకపోతే?"

"నవ్వకుంటే తియ్యది." అందులో వింతేమీ లేనట్టే చెప్పాడు. "ఫోటో అంటే ఎవలు నవ్వరు మేడం?"

"మా ఆఫీసుకు వచ్చేవాళ్లండీ" అన్నాను.

ఆయన మెనూలోకి వెళ్లి మరో సంగతి చూపించాడు. ఎంత నవ్వితే తీయాలో కూడా పెట్టుకోవచ్చట. చిరునవ్వు, నవ్వు, పెద్ద నవ్వు అని మూడు మెట్లు. నేను చిరునవ్వు దగ్గర పెట్టించుకుని వచ్చేశాను.

మర్నాటి నుంచి మొదలైంది. ముఖం చుట్టూ ఒక పసుపు చదరం వస్తుంది. ఆ చదరంలో ముఖం నవ్వేదాకా కెమెరా ఎదురు చూస్తుంది. నేనూ చూస్తాను. వెనక వరసలో వాళ్లూ చూస్తారు.

"నవ్వండి తాతగారూ."

"ఎందుకమ్మా?"

"నవ్వితేగానీ తీయదండీ."

"నవ్వకుంటే పింఛన్ బందైతదా?"

నేను సరిగ్గా జవాబు చెప్పేలోపే ఆ మాట కింది అంతస్తు దాకా పాకింది. నవ్వకుంటే పింఛను బందట. మధ్యాహ్నానికి మెట్ల మీద నిలబడ్డవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నవ్వడం సాధన చేస్తున్నారు. ఒకావిడ కొత్త పళ్లసెట్టు ఇంట్లో మర్చిపోయానని, మళ్లీ ఆటో కట్టించుకుని తెచ్చుకుంది. సెట్టు పెట్టుకుని ఆవిడ నవ్విన నవ్వుకు కెమెరా ఆగకుండా నాలుగు ఫోటోలు తీసింది.

ఆ ఫోటోలు సూపరింటెండెంటు గారి టేబులు మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"ఏందమ్మా ఇది? అందరు గిట్ల నవ్వుతున్నరు?"

"కెమెరా అలాంటిదండీ."

"ఫోటోల ముఖం గంభీరంగ ఉండాలె. గిట్ల పంపితే పైవాళ్లు ఏమనుకుంటరు? పింఛన్ ఎక్కువిస్తున్నమనుకుంటరు."

అన్నీ తిరిగి తీయమన్నారు. నవ్వకపోతే కెమెరా తీయదు, నవ్వితే ఆయన తీసుకోరు. నేను ఇంటికి వెళ్లి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున ఆయనే నన్ను పిలిచి, రాత్రంతా ఆలోచించిన మనిషిలా అడిగారు: "కెమెరాకు ఫలానా మనిషే నవ్వాలని ఉన్నదా? పక్కన ఇంకొకరు నవ్వితే నడవదా?"

పరీక్షించి చూశాం. ఆయన గోడ దగ్గర గంభీరంగా నిలబడ్డారు. పక్కన మా అటెండర్ నవ్వాడు. కెమెరా టక్కుమంది. ఫోటోలో అటెండర్‌ను కంప్యూటర్‌లో కత్తిరించేస్తే, గంభీరమైన సూపరింటెండెంటు ఒక్కరే మిగిలారు.

మా అటెండర్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. గుండ్రటి ముఖం, ఎవరికి చాయ్ ఇచ్చినా నవ్వుతూనే ఇస్తాడు. సూపరింటెండెంటు గారు అతని పేరు మీద ఆదేశం రాయించారు. "ఛాయాచిత్ర సమయమున పింఛనుదారు ప్రక్కన నిలబడి మందహాసము చేయుటకు నియమించడమైనది" అని. అటెండర్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో తన పేరు మీద వచ్చిన మంచి కాగితం అదొక్కటేనని నాతో అన్నాడు.

పని సాగింది. అతను ప్రతి ఒక్కరి పక్కన నిలబడి, నేను సైగ చేయగానే నవ్వేవాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి దవడలు నొప్పెట్టి, వేడి చాయ్ గ్లాసు చెంపకు ఆనించుకుని కూర్చునేవాడు. నా కత్తిరింపు కూడా అంత నీటుగా ఏమీ ఉండేది కాదు. ఒకావిడ భుజం మీద అతని చెవి మిగిలిపోయింది. ఫారం వెళ్లిపోయాక చూసుకున్నాను. పైవాళ్లు అడగలేదు.

తేదీ బాధ వేరే. కెమెరా లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, ఆఫ్ చేసిన ప్రతిసారీ అది ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటికి వెళ్లిపోయేది. రోజూ రాగానే దానికి ఈ రోజు ఏ తేదీయో చెప్పడం నా మొదటి పని. ఒక రోజు మర్చిపోయాను. రిటైరైన టీచరమ్మ ఒకరు, ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే పింఛను కోసం బతికి ఉన్నట్టు ఫోటోలో తేలింది. మళ్లీ తీస్తానని బతిమాలితే ఆవిడ ఇంకో ఫోటో దిగనంది. "ఉండనియ్యి బిడ్డా. గప్పుడు నాకు మోకాళ్లు నొస్తలేకుండె" అంది.

నెలాఖరుకు ముందు ఒక బక్కపలచటి పెద్దమనిషి వచ్చారు. తెల్లటి చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని ఉన్నారు. పదహారేళ్ల కిందట మా సెక్షన్‌కే సూపరింటెండెంటుగా ఉండి రిటైరైన మనిషని ఫారం చూసి తెలుసుకున్నాను. ఆయన వెళ్లి గోడ దగ్గర నిలబడ్డారు. నేను అటెండర్‌ను పిలిచాను. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మేడం, గా సారు పక్కన నాతోని గాదు."

"ఏమైంది అన్నా? ఒక్క నిమిషం పని."

"ఆయన రిటైరైన యాడాది ముచ్చట. నేను చాయ్ పట్టుకొని ఆయన ముంగట నిలబడ్డ. చాయ్ తాగిండు, గిలాస నా చేతికిచ్చిండు, గదే చేత్తోని రిజిస్టర్‌ల నాకు ఆబ్సెంట్ ఏసిండు. ముంగట నిలబడ్డ మనిషి లేడన్నడు. గిప్పుడు ఆయన ఉన్నడని నేను నవ్వాలె?"

పెద్దమనిషి గోడ దగ్గరి నుంచి కదలకుండానే అన్నారు: "నువ్వు సంతకం చేసినవా? చెయ్యలె. సంతకం లేకుంటే మనిషి లేనట్టే. రూల్ నేను పెట్టిన్నా?"

నేను కెమెరా స్టాండు మీద పెట్టి, ఇద్దరి మధ్యకూ వెళ్లాను. ఆదేశం గుర్తుచేశాను. ఆదేశం అనగానే అటెండర్ మొండిగానైనా వచ్చి పక్కన నిలబడ్డాడు. కానీ ఆ ముఖం గోడకంటే గట్టిగా ఉంది. పసుపు చదరాలు రెండు వచ్చాయి, రెండూ అలాగే ఉండిపోయాయి.

"అన్నా, కొంచెం నవ్వు."

"వస్తలేదు మేడం."

"మీరైనా నవ్వండి సార్, నేను సూపరింటెండెంటు గారికి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

"నేను ఆఫీసుల ఎన్నడు నవ్వలె" అన్నారు పెద్దమనిషి. అది నిజమేనని అటెండర్ తలూపాడు. వాళ్లిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన మాట ఆ రోజు అదొక్కటే. అంతలోనే అటెండర్ మళ్లీ మొదలుపెట్టాడు.

"నేను లేకుంటే మరి గా చాయ్ ఎవలిచ్చిన్రు? దెయ్యమిచ్చిందా?"

"దెయ్యం గంత నీళ్ల చాయ్ పెట్టదు!"

"నీళ్ల చాయా? రెండు గిలాసలు తాగిన్రు!"

"ఒకటే తాగిన! రెండోది పారబోసిన!"

పెద్దమనిషి వేలు అటెండర్ చొక్కా జేబు మీద పెట్టి పొడిచారు. అటెండర్ పళ్లు బిగించాడు. ఇద్దరి నోళ్లూ చెవులదాకా సాగాయి. అప్పుడు కెమెరా టక్కుమంది.

నేను తిరిగి చూసేలోపు మళ్లీ టక్కుమంది. వాళ్లకు వినపడలేదు. "ఒకటి!" "రెండు!" అని అరుచుకుంటూనే ఉన్నారు. అరుపు అరుపుకూ కెమెరా ఒక ఫోటో తీస్తోంది. చిరునవ్వు దగ్గర పెట్టించుకున్నాను కదా, పళ్లు కనిపిస్తే చాలు దానికి. పదకొండు ఫోటోలు తీసి, బ్యాటరీ అయిపోయి ఆగింది. వాళ్లూ దాదాపు అప్పుడే ఆగారు.

కంప్యూటర్‌లో చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. చాలా ఏళ్లకు కలుసుకున్న స్నేహితులిద్దరు పగలబడి నవ్వుతున్నట్టున్నాయి. అటెండర్‌ను కత్తిరిద్దామంటే పెద్దమనిషి వేలు అతని జేబు మీద ఉంది. కత్తిరిస్తే వేలు పోతుంది. ఉన్నదున్నట్టుగా తీసుకెళ్లాను.

సూపరింటెండెంటు గారు వెనక్కి నెట్టారు. "నవ్వుతున్నరు గదమ్మా."

"నవ్వడం లేదండీ. తిట్టుకుంటున్నారు."

ఆయన ఇద్దరినీ లోపలికి పిలిపించారు. "సార్, మీరు నవ్విన్రా?"

"నేనా?" అన్నారు పెద్దమనిషి, ఘోరమైన అభియోగం విన్నట్టు. "నాకు మస్తు కోపమొచ్చింది. రాసిస్త కావాలంటే."

రాసిచ్చారు. అటెండర్ సాక్షి సంతకం చేశాడు. కింద సూపరింటెండెంటు గారు "ఛాయాచిత్రములోని వ్యక్తి నవ్వుట లేదని ధ్రువీకరించడమైనది" అని రాసి, గుండ్రటి ముద్ర వేశారు. ఆ ముద్ర వేస్తున్నప్పుడు మేం నలుగురం ఎంత శ్రద్ధగా చూశామో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫైలు పైకి వెళ్లింది. డిసెంబరు మొదట్లో ఆయన పింఛను ఆగకుండా పడింది.

ఆ తర్వాతి వారం పెద్దమనిషి మళ్లీ వచ్చారు. ఈసారి ఫారమేమీ లేదు. నా టేబులు దగ్గర కూర్చుని, కాసేపు ఫ్యాను వంక చూసి, గొంతు తగ్గించి అన్నారు: "అమ్మా, గా ఫోటో ఇంకొకటి ఇస్తవా? మా ఇంటామె అడుగుతున్నది. పెండ్లి ఫోటోల గూడ నేను నవ్వలేదంట."

"మీరు నవ్వలేదు కదండీ ఇందులో కూడా."

"గది ఆమెకు చెప్పలె" అన్నారు.

ప్రింటు తీసి ఇచ్చాను. దాన్ని కవరులో పెట్టుకుని, జేబులోంచి మడతపెట్టిన తెల్లకాగితం తీసి నాకు అందించారు. సూపరింటెండెంటు గారి పేర రాసిన దరఖాస్తు. పదహారేళ్ల కిందటి ఒకానొక రోజున సంతకం లేని కారణంగా గైర్హాజరు వేయబడిన అటెండర్, వాస్తవానికి తన ఎదుటనే నిలబడి ఉన్నాడని, తాను కళ్లారా చూశానని, రిజిస్టరు సవరించవలసిందని అందులో ఉంది. అక్షరాలు కొంచెం వణికాయి గానీ వరసలు తీగ లాగినట్టున్నాయి.

సూపరింటెండెంటు గారు రెండుసార్లు చదివారు. ఆ కాలం రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తిన్నాయని, సవరించడానికి ఏమీ లేదని చెప్పారు. అయినా దరఖాస్తుకు నంబరు వేసి, "ఇతరములు" అన్న ఫైలులో పెట్టించారు. పెట్టేముందు నేను దాని జిరాక్సు తీసి అటెండర్‌కు ఇచ్చాను.

అతను కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దాలు సరిచేసుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. చాలాసేపు చదివాడు. నేను వేరే పని చూసుకుంటున్నట్టు నటించాను. పెద్దమనిషి కుర్చీలో నిటారుగా, ఎటో చూస్తూ కూర్చున్నారు.

"మేడం," అన్నాడు అటెండర్ చివరికి, కాగితం మీద ఒక వరుస మీద వేలు పెట్టి, "గిది చూసిన్రా? 'సదరు వ్యక్తి నాకు నీళ్ల వంటి చాయ్ ఇచ్చెను' అని రాసిన్రు."

"నిజమే రాసిన" అన్నారు పెద్దమనిషి, తల తిప్పకుండా.

అటెండర్ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వెళ్లి, పది నిమిషాల తర్వాత గ్లాసు నిండా చిక్కటి చాయ్ తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టాడు. ఆయన తాగుతున్నంతసేపూ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఎట్లున్నది?"

పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి ఆలోచించారు. "చక్కెర ఎక్కువైంది" అన్నారు.