ఆరో నంబరు మంచం

డర్బన్‌లో విశ్వవిద్యాలయం వారి హెచ్ఐవీ పరిశోధన కేంద్రంలో జిబుయిలే పద్నాలుగేళ్ళుగా చేస్తున్నది ఒక్కటే పని: రావలసిన రోజున రాని ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, గడపలో కూర్చుని, మళ్ళీ రమ్మని ఒప్పించడం. మందులు అందని కాలంలో ఆమె ఇద్దరు చెల్లెళ్ళను వరుసగా రెండు శనివారాల్లో మట్టిలో పెట్టింది. అప్పటినుంచి ఓదార్పు మాటలు ఆమెకు గిట్టవు. ఈ జబ్బును ఒకనాటికి వేళ్ళతో సహా పెకలించవచ్చునన్న మాటను మాత్రం, నమ్మకంగా కాదు, పనిగా పట్టుకుంది.

నొక్వాజిని ప్రయోగంలో చేర్చింది ఆమే. జడలు అల్లి బతికే పిల్ల, ఇరవై తొమ్మిదేళ్ళది. కొన్ని వారాలు మందులు ఆపి, వైరస్ తిరిగి తల ఎత్తుతుందో లేదో రక్తంలో వెతికే ప్రయోగం అది. "ఆ దొంగ నా ఒంట్లో ఇంకా నక్కి ఉన్నాడో లేడో నాకూ తెలియాలి కదక్కా," అని నవ్వి సంతకం పెట్టింది.

ఐదో వారం, రక్తం తీసే కుర్చీలో కూర్చుని, "ఇదేం జడక్కా, కోడి కెలికిన కుప్పలా! ఆదివారం రా, నేను..." అంటూ మధ్యలో ఆగిపోయింది. నర్సు గుండె మీద ఒత్తుతున్నంతసేపూ జిబుయిలే ఆ పిల్ల పాదాలు పట్టుకునే ఉంది. అవి ఎప్పుడు బరువెక్కాయో ఆమె చేతులకు తెలుసు. వ్యాను ఆసుపత్రికి మోసుకుపోయింది శవాన్నే. అక్కడి డాక్టరు పరీక్షించి, సమయం వేసి, మరణపత్రంలో చోటు దగ్గర ఆసుపత్రి పేరు రాశాడు. అతను అబద్ధం రాయలేదు. ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డకట్టిందనీ, ప్రయోగానికి దానితో సంబంధం లేదనీ తరువాత తేలింది. కాగితం లెక్కలో మనిషి పోయేది వైద్యుడు సంతకం పెట్టిన చోట. తల్లి లెక్కలో, ఊపిరి ఆగిన చోట.

ఎన్‌డ్వెడ్వే కొండల నుంచి నొక్వాజి తల్లి మాజోండి వచ్చింది. వాళ్ళ ఆచారంలో, పోయిన మనిషి ఆత్మ పోయిన చోటే ఉండిపోతుంది. రేగు జాతి ముళ్ళ కొమ్మతో తట్టి పిలిచి, ఆ కొమ్మ మీదే ఇంటికి తీసుకుపోవాలి. కొమ్మ పట్టిన వాళ్ళు ఇల్లు చేరేదాకా ఆ ఆత్మతో తప్ప మరెవరితోనూ మాట్లాడకూడదు. కొమ్మ అందుకునే ముందు మాజోండి ఒక్క మాట అడిగింది.

"నా బిడ్డ ఎక్కడ పోయిందే అమ్మాయ్?"

"ఆసుపత్రిలోనమ్మా. ఆరో నంబరు మంచం."

కుర్చీలో పోయిందన్న సంగతి పొక్కితే ప్రయోగంలో మిగిలిన పంతొమ్మిది మందీ ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోరు. జిబుయిలే ఒక ఆత్మను అటూ, ఆ పంతొమ్మిది మందిని ఇటూ పెట్టి తూచింది. తూచే హక్కు తనకు ఎవరిచ్చారని ఆ క్షణాన తనను తాను ప్రశ్నించుకోలేదు.

మాజోండి ఆ మంచాన్నే తట్టి, కొమ్మతో ఇంటికి పోయింది. మూడు వారాల తరువాత ఫోన్ చేసింది.

"పిల్ల ఇల్లు చేరలేదే. రోజూ కలలో వస్తుంది, పిలిస్తే నువ్వెవరని నన్నే అడుగుతుంది. తప్పు నాదే. వంతెన మీద, కిక్కిరిసిన టాక్సీలో ఎవడో నా కాలు తొక్కాడు, నేను 'అయ్యో' అన్నాను. ఆ ఒక్క మాటకే నా బిడ్డ దిగిపోయింది."

"మీ తప్పేం లేదమ్మా."

"నీకేం తెలుసు? నోరు జారింది నేను."

జిబుయిలే గోడకు ఆనుకుంది. ఇంకా దాస్తే, ఆ 'అయ్యో'ను ముసలామె బతికినన్నాళ్ళూ మోస్తుంది.

"అమ్మా, ఆమె మంచం మీద పోలేదు. మా దగ్గరే, కుర్చీలో పోయింది. నేను పక్కనే, తన పాదాలు పట్టుకుని ఉన్నాను. మీకు అబద్ధం చెప్పాను."

అవతల ఫోన్ కట్ అయింది.

మర్నాడు తొమ్మిదింటికి మాజోండి కేంద్రం గేటు దగ్గర నిలబడి ఉంది. కొమ్మ అప్పటికే చేతిలో ఉంది.

"ఏం పెద్దమ్మా, చెట్టుతో సహా దిగావ్? పేరు చెప్పు, రాసుకోవాలి," అన్నాడు కాపలాదారు.

"ఆమెను అడక్కు," అంది జిబుయిలే పరుగున వచ్చి. అతను అప్పుడు ముళ్ళు చూశాడు. టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు.

హాల్లో వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు కొమ్మను చూశారు. అది ఏ గదిలోకి పోతోందో కూడా చూశారు. మాజోండి కుర్చీని మూడుసార్లు తట్టింది.

"నొక్వాజీ, లే. అమ్మను వచ్చాను. ఇంటికి పోదాం."

ఆమె బయటికి వచ్చేసరికి ఇద్దరు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు.

నలుగురినీ కలిపి ఎక్కించుకునే ఆ టాక్సీలో మాజోండి వేళ్ళు చూపి రెండు సీట్లకు డబ్బులిచ్చింది. జిబుయిలే వెనక ఎక్కింది. ఒక లావుపాటి మనిషి లోపలికి ఒంగి గొణిగాడు: "కొమ్మకు సీటా? ఒళ్ళో పెట్టుకోవమ్మా, నా మోకాళ్ళు అరిగిపోయాయి!"

"ఆ సీట్లో మనిషి ఉంది. నోర్మూసుకుని వెనక్కి పో," అన్నాడు డ్రైవరు.

"అమ్మా, నన్ను క్షమించండి," అంది జిబుయిలే. ముందున్న తల తిరగలేదు. అది ఆచారమో, కోపమో ఆమెకు తెలియలేదు.

ఉమ్గేని వంతెన మీద మాజోండి కొమ్మ వైపు ఒంగింది.

"ఇదిగో నది, బిడ్డా. దాటుతున్నాం. వెనకాల కూర్చున్న మనిషిని గుర్తుపట్టావు కదూ? నీ పాదాలు పట్టుకున్నది ఆమే. నిన్ను ఇన్నాళ్ళు ఆ గదిలో వదిలేసిందీ ఆమే. పలకరించకు. ఇల్లు చేరాక కూడా నేను పలకరించను. పద."

వెరులమ్‌లో దారి మధ్యలోనే జిబుయిలే దిగిపోయింది. సంచులు సర్దుకుపోయిన ఆ ఇద్దరి ఇళ్ళకు ఎల్లుండి వెళ్ళాలి. గడపలో కూర్చోగానే చెప్పవలసిన మొదటి మాటను ఆమె తిరుగు టాక్సీ కోసం నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా, చెప్పి చూసుకుంది: "ఆ పిల్ల కుర్చీలోనే పోయింది."