రుస్తాఖ్ బస్సులో బ్రదర్

తొంభైల్లో ఒకసారి ఒమన్‌లో రుస్తాఖ్ నుంచి మస్కట్ వెళ్లే బస్సులో ఒక తెలుగు మనిషి నా పక్కన కూర్చున్నాడు. నా ఒళ్లో అమెరికా తొలి వలసల చరిత్ర పుస్తకం ఉంది. తమ్ముడు పోయి రెండు రోజులైంది. చదవడం లేదు, ఊరికే పట్టుకున్నాను.

అతను పుస్తకం తీసుకుని తిరగేశాడు.

"బ్రదర్, ఇది మా బాప్టిస్టుల కథే. ఇంగ్లండులో బాధలు పడలేక పారిపోయి వచ్చినవాళ్లే అక్కడ మావాళ్లని కొరడాలతో కొట్టించారు. ఎందుకు? పసిపిల్లల బాప్తిస్మం చెల్లదు, పెద్దయ్యాక నీళ్లలో మునగాలి అన్నందుకు!"

అతని కళ్లు చెమర్చాయి. ఇలాంటివాళ్లకు కన్నీళ్లు సులువుగా వస్తాయి.

నేను తమ్ముడి సంగతి చెప్పాను. రేపు మస్కట్‌లో సమాధి చేయాలి, పాట పాడేవాళ్లు లేరన్నాను.

"మేం లేమా బ్రదర్? రేపు డ్యూటీ లేదు, మా రూమ్ వాళ్లంతా వస్తాం." అంతలోనే అడిగాడు. "తమ్ముడు మునిగాడు కదా?"

"లేదు. పసివాడప్పుడు పాస్టరు గారు నెత్తిన నీళ్లు చిలకరించారు."

అతను పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టాడు.

"అలాగైతే మా సంఘం ఒప్పుకోదు సార్."

ఎప్పటివో దెబ్బలకు ఏడ్చిన మనిషి మస్కట్ దాకా నిద్ర నటించాడు. అదీ సరిగ్గా చేతకాలేదు.

మరునాడు తమ్ముడితో పనిచేసిన కరీంనగర్ మేస్త్రీలు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ హిందువులు.

"మాకు పాట రాదన్నా. నువ్వు చెప్పు, మేం అంటం."

చెప్పాను. తప్పులతోనే చివరిదాకా అన్నారు.

ఆ పుస్తకం తర్వాత పూర్తి చేశాను. కొరడా పట్టినవాళ్ల ముఖాలు ఊహించుకోవలసిన అవసరం రాలేదు.