గుమ్మానికి ఎదురు గోడ

2022 నవంబరు 15, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఆ ఖాళీ ముక్క మొదటిసారి నా కంటబడింది. కెనడాలో గ్వెల్ఫ్ దగ్గర ఒక కాలేజీలో తరగతి గదుల టెక్నీషియన్‌గా నాకది పందొమ్మిదో ఏడు. విదేశీ విద్యార్థులు వెల్లువలా వచ్చిన రోజులవి. నలభై కుర్చీల గదికి డెబ్బై ఆరుగురు చేరారు. అందుకని యూదు అధ్యయనాల కోర్సును బ్లెండెడ్ పద్ధతికి మార్చారు. అంటే సగం మంది గదిలో, సగం మంది ఇంట్లో తెర ముందు.

రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయిన ఒక చెక్క సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనాలయం, లోపలి బొమ్మలను అందరూ కలిసి ఒకే డిజిటల్ కాన్వాస్ మీద తిరిగి వేయాలి. ఒక్కొక్కరిది ఒక్కో లేయర్, గాజు పలక లాంటి పొర. ఎవరు పని చేస్తుంటే వారి పేరు కర్సర్ పక్కన కనబడుతుంది.

గుమ్మానికి ఎదురు గోడ ప్రసాద్‌ది. ఏలూరు నుంచి వచ్చి, వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తూ చదువుకుంటున్నాడు. అతని గోడ మీద నలుచదరంగా ఒక ముక్క ఖాళీగా ఉంది. పూర్తి చేయకపోతే మార్కులు వేయనని ప్రొఫెసర్ నవోమి అప్పటికే రెండుసార్లు హెచ్చరించారు.

“వేశా ఆంటీ, మా అమ్మ మీదొట్టు. వేసిన ప్రతిసారీ పోతోంది.”

“సేవ్ చేశావా?”

“దానంతటదే సేవ్ అవుద్దని చెప్పింది మీరేగా! ఈ కోర్స్ పోతే ఫుల్‌టైమ్ స్టేటస్ పోద్ది. స్టడీ పర్మిట్‌కే ఎసరు.”

“ముందు కూర్చో. నా కళ్ళ ముందు వెయ్యి.”

ద్రాక్షతీగలతో ఆ ముక్క నింపాడు. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాం. కాసేపటికి గోడ మీదికి ఒక కర్సర్ వచ్చింది. తొందర లేదు. కుడి నుంచి ఎడమకు, వరుస తరువాత వరుస, తీగలన్నీ తుడిచేసింది. పక్కన పేరు: హన్నా.

ప్రసాద్ లేచి నా కుర్చీ వెనక్కి వచ్చేశాడు. “ఎవరాంటీ ఈమె? ఆన్‌లైన్‌లో ఎప్పుడూ చూళ్ళేదు.”

చూసే వీలు లేదు. హన్నా గారు ఎనభై ఒక్క ఏళ్ళ విద్యార్థిని. కెమెరా పెట్టకుండా ఇంటి నుంచే ఒక సింహాన్ని, రెండు జింకలను వేశారు. అక్టోబరు 19న చనిపోయారు. కాలేజీ ఇచ్చిన టాబ్లెట్‌ను ఆమె భర్త 31న తెచ్చి నా చేతికే అప్పగించారు. బీరువా తీశాను. అక్కడే ఉంది, ఛార్జి అయిపోయి. ఆమె లాగిన్ మరే కంప్యూటర్‌లోనైనా మిగిలిందేమోనని ల్యాబంతా వెతికాను. లేదు.

హన్నా గారి భర్తకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె పాస్‌వర్డ్ ఆయనకు తెలియదు.

“ఎక్కడ తుడుస్తోంది?” అని అడిగారు.

“గుమ్మానికి ఎదురు గోడ మీద.”

“మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు?”

కాన్వాస్ స్కేలు ప్రకారం లెక్క కట్టాను. సరిగ్గా అంతే.

“యెరూషలేము దేవాలయం కూలిన దుఃఖానికి గుర్తుగా మా యూదుల ఇళ్ళలో అంత గోడ ఖాళీగా వదులుతాం. ఇళ్ళకే, మందిరాలకు కాదు. కాలిపోయిన మందిరానికి ఎందుకు వదలకూడదని హన్నా నాతో వాదించేది. నేను ఒప్పుకోలేదు.”

ప్రసాద్ మళ్ళీ నింపాడు. ఈసారి నవోమి గారు కూడా నిలబడి చూశారు. కర్సర్ వచ్చింది, తుడిచింది, వెళ్ళింది. నవోమి గారు ప్రసాద్‌కు పూర్తి మార్కులు వేశారు.

కానీ ఆ మార్కులకు కారణం ఆఫీసుకు రాసి ఇవ్వాల్సి రావడంతో, హన్నా గారి ఖాతా ఇంకా తెరిచే ఉందని బయటపడింది. చనిపోయినవారి ఖాతా తెరిచి ఉంచకూడదన్నది నియమం. పైగా కొత్తవాళ్ళకు సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చాలడం లేదు. బొమ్మలకు కాపీ తీసుకునేదాకా ఆగమని అడిగాను. నా మెయిల్ చదివేలోపే, 22వ తేదీ సాయంత్రం నాలుగింటికి, ఖాతా మూసేశారు. దానితో ఆమె లేయర్ కూడా పోయింది.

“ఇక వేసేయ్, ఎవరూ తుడవరు,” అన్నాను ప్రసాద్‌తో.

అతను తెర మీద గీసే స్టైలస్ ఎత్తాడు. పేరు లేని కర్సర్ ఒకటి వచ్చి ఆ ఖాళీ పక్కన ఆగింది.

“వద్దులే ఆంటీ,” అని స్టైలస్ కింద పెట్టేశాడు.

ఖాళీ కనబడితే నింపడమే అంతకాలం నా ఉద్యోగం. ఆ రోజు నుంచి, బాగుచేసే ముందు, దీన్ని ఎవరైనా కావాలని వదిలారా అని అడుగుతున్నాను.

పోయినవి: సింహం ఒకటి. జింకలు రెండు. ద్రాక్షతీగలు, మూరెడు చదరం. నకలు, ఏ ఒక్కదానికీ లేదు.