దుర్గ చదివిన వార్త

పాలకొల్లు దగ్గర ఓ చిన్న బడిలో పన్నెండు మంది పిల్లలకు నేనొక్కదాన్నే టీచర్ని. తెలుగైనా లెక్కలైనా దినపత్రికతోనే చెప్పేదాన్ని. ఎవరైనా ఆగకుండా చదివితే అందరం చప్పట్లు కొట్టేవాళ్లం.

ఆ రోజు నేనొచ్చే బస్సు ఆలస్యమైంది. రోజూలా ముందు నేను చూసుకోకుండానే పేపరు పిల్లలకిచ్చి, మన ఊరి పేరు వెతకమన్నాను.

రోజూ కూడబలుక్కుని చదివే మూడో తరగతి దుర్గ "దొరికిందండీ!" అంటూ లేచి, మొదటిసారి గడగడా చదివేసింది. పిల్లలు తక్కువున్నారని మూసేస్తున్న బడుల జాబితా అది. అందులో మాదీ ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"బాగా చదివానాండీ టీచర్?"

"బాగా చదివావమ్మా," అన్నాను, నేనూ చప్పట్లు కొడుతూ.

కొత్త బడి కాలవ అవతల, చాలా దూరం. దుర్గ అందులో చేరలేదు. నా దగ్గర తను ఆగకుండా చదివిన మొదటి వార్తా, ఆఖరి వార్తా అదే.