పేరెత్తని ఇల్లు

ఉషారాణి ఆరోగ్య బీమా అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో చిట్టమూరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమెను చూడగానే తలుపులేసుకునేవాళ్ళు. రోగం రాకముందే రోగం మాటెత్తే మనిషి వాకిట్లోకి రావడం శుభమా మరి! ఇప్పుడలా లేదు. స్కూటీ చప్పుడు వినపడితే చాలు, మంచం వాల్చి మజ్జిగిస్తారు. గూడూరులో తను పనిచేసే బట్టలకొట్టు మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చింది. పాలసీ కాగితాల్లోని మాటల్ని వంటింటి మాటల్లోకి తిప్పుకుంది. అంత మాటకారీ చెంచురామయ్య ఇంటి సంగతి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది.

ఊరి చివర, వరిమళ్ళకూ రొయ్యల గుంటలకూ నడుమ ఉంటుంది ఆ ఇల్లు. ఆమె మొదటిసారి వెళ్ళింది ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. చెంచురామయ్య పొలం నుంచి వస్తూ మెట్ల దగ్గరే ఆయాసంతో ఆగిపోయాడు. ఆయన భార్య వెంకటశేషమ్మ గబగబా నడవలో చాప పరిచింది.

"మా ఇద్దరికీ, మా పాప భానుప్రియకీ కలిపి ఒకటే పాలసీ రాయి."

"కలిపి రాస్తే ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారక్కా. ఇంటిల్లిపాదికీ ఒకటే కుండ అన్నం. ఒకరే తిని ఖాళీ చేసినారనుకో, ఆ ఏడాదికి మిగతావాళ్ళు పస్తే. విడివిడిగా తీసుకుంటే ఎవరి క్యారియర్ వాళ్ళది. కుండ అడుగంటినాక పైన వడ్డించేది టాపప్."

"గవర్నమెంటు కార్డుండాదిగా నాకు?" అన్నాడు చెంచురామయ్య.

"దాన్ని పారెయ్యబాకన్నా. దాని లిస్టులో ఉండే వైద్యానికి, దాన్ని తీసుకునే ఆసుపత్రిలో పనికొస్తాది. అది చెల్లని చోటికి ఇది. ఇంకోటి ఉండాది, పెద్ద జబ్బుల పాలసీ. అందులో కొన్ని జబ్బుల పేర్లు రాసుంటారు. వాటిల్లో ఏదన్నా తేలితే డబ్బంతా ఒక్కసారే ఇచ్చేస్తారు. మొదటి పేరు..."

వెంకటశేషమ్మ చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అంత ఎండలోనూ ఆ చెయ్యి నీళ్ళలోంచి తీసినట్టు చల్లగా ఉంది.

"ఈ ఇంట్లో వద్దు తల్లీ."

అప్పుడు చెప్పింది. చెంచురామయ్య అన్న ఇదే నడవలో కూర్చుని, డాక్టరు రాసిచ్చిన జబ్బు పేరు అందరికీ వినపడేలా చదివాడు. పొద్దుగూకకముందే పోయాడు. 'అంటే ఏందిరా అది' అంటూ ఆ పేరే మళ్ళీ పలికిన తల్లి, కర్మాంతరం కాకుండానే పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ జబ్బునూ పేరుతో అనరు. జ్వరమొస్తే 'ఒళ్ళు వెచ్చగుంది' అంటారు, అంతే.

"పేరుపెట్టి పిలిస్తే పలక్కుండా పోతుందా?" అంది వెంకటశేషమ్మ.

ఉషారాణి నవ్వబోయింది. పెరటి తలుపు కిర్రుమంది. బయట ఆకు కదలడం లేదు.

"సరేగానీ, అన్నకి ముందునుంచీ ఏదన్నా ఉండాదా?"

"ఏం లేదని రాసుకో."

"లేదని రాస్తే, రేపు ఆసుపత్రిలో పాత కాగితాలు బయటపడినాక ఒక్క రూపాయి రాదక్కా."

 ఉషారాణి బయల్దేరుతుంటే చెంచురామయ్య స్కూటీ వెంట కాలవగట్టు దాకా వచ్చాడు. ఇంటివైపు ఒకసారి చూసి, గాలికి చెప్పినట్టు చెప్పాడు.

"గుండె. వాల్వు పాడైందని నెల్లూరులో చెప్పినారు. ఉన్నదున్నట్టు రాసుకో. ఇంట్లో మాత్రం అనబాక."

ఉషారాణి అలాగే రాసింది. ఆయనొక్కడికీ విడి పాలసీ, తల్లీకూతుళ్ళకు ఫ్లోటర్. కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి ఆరోగ్యం సంగతులు అడుగుతుందనీ, నోటితో చెప్పిందే అక్కడ లెక్కనీ, ఆ ఫోన్ గట్టుమీద నిలబడి తీసుకోమనీ మరీ మరీ చెప్పింది.

కానీ ఆ ఫోన్ వచ్చిన రోజు ఆయన నడవలో వేసిన మంచం దిగలేకపోయాడు. భానుప్రియ కాలేజీకి వెళ్ళింది. సంతకాలకని వచ్చిన ఉషారాణే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన ముందు పట్టుకుంది.

"మీకు షుగర్ ఉందా సార్?" అమ్మాయి గొంతు నడవంతా మోగింది.

"లేదమ్మా."

పెరటి తలుపు కొంచెం లోపలికి జరిగింది. వెంకటశేషమ్మ పరుగున వెళ్ళి రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఆస్తమా? క్షయ? కిడ్నీ జబ్బు? క్యాన్సర్?"

ఒక్కొక్క పేరుకూ తలుపు మీద బయట్నుంచి ఒక్కొక్క తోపు. వెంకటశేషమ్మ పాదాలు నేలమీద వెనక్కి జారుతున్నాయి.

"గుండె జబ్బు?"

చెంచురామయ్య భార్యవైపు చూశాడు. లేదని చెప్పమన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. ఉన్నదని చెప్పమనడానికి ఉషారాణికి నోరు పెగల్లేదు. ఆయన అన్నా, తల్లీ జబ్బు పేరు పలికి పోయిన నడవ ఇదే. 

"సార్, లైన్‌లో ఉన్నారా? గుండె జబ్బు ఉందా?"

"ఉండాదమ్మా," అన్నాడాయన స్పష్టంగా. "గుండె జబ్బు ఉండాది నాకు."

తోపు ఆగిపోయింది. రొయ్యల గుంటల మోటార్ల మోత కూడా వినిపించలేదు. ఫోన్‌లో అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది.

"పోయిందా అక్కా?" అంది ఉషారాణి గుసగుసగా.

వెంకటశేషమ్మ తలుపు మీంచి చేతులు తీసింది.

"పోలా. లోపలికొచ్చింది." తర్వాత మామూలు గొంతుతో అడిగింది, "ఇప్పుడు కంపెనీవాళ్ళు ఏమంటారు?"

"ఒప్పుకుంటే పాలసీ ఇస్తారు. కానీ ముందునుంచీ ఉన్న జబ్బు గదా, దానికి మూడేళ్ళు వెయిటింగ్. ఈలోపల దానికి డబ్బులివ్వరు. ఆ తర్వాతైతే ఇస్తారు."

వెంకటశేషమ్మ మూలనున్న ముక్కాలిపీట తెచ్చి మంచం కాళ్ళవైపు వేసింది. ఎవరూ లేని ఆ పీట ఎదురుగా, ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడేందుకు కూర్చున్నట్టు నేలమీద కూర్చుంది.

"విన్నావు గదా," అంది. "మూడేళ్ళంట. ఆగుతావా?"

ముగ్గురూ ఆ పీటవైపే జవాబు కోసం చూశారు.